జింక విడుదల మహోత్సవం

గాయపడిన ప్రతి వన్యప్రాణి కన్నీరు తుడవడానికి భారతదేశంలో ఒకే ఒక చెయ్యి ఉందనీ, ఆ చెయ్యి అనంతపురం జిల్లాలో ఉందనీ, ఇంకా స్పష్టంగా చెప్పాలంటే అది తన కుడిచెయ్యేననీ మా అధ్యక్షులు గంగాధరప్ప గారు పందొమ్మిది వందల ఎనభై మూడు జూలై నెలలో ప్రకటించారు. ఆ ప్రకటన టైపు కొట్టింది నేను. కాబట్టి దాని బరువెంతో నా వేళ్లకు తెలుసు.

గంగాధరప్ప గారిది చెనిక్కాయల నూనె మిల్లు. నూనె మిల్లుకూ వన్యప్రాణులకూ ఏమిటి సంబంధమని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, మనసులోనే. జీతం తీసుకునేవాడు పైకి అడిగే ప్రశ్న కాదది. సంగతేమిటంటే, అప్పటికే మా ఊళ్లో కంటి ఆపరేషన్ల సంఘానికి ఒక పెద్దమనిషి అధ్యక్షుడు. అనాథ పిల్లలకు ఇంకొకరు. ముసలివాళ్లకు ఒక డాక్టరు గారి భార్య. కష్టాల్లో ఉన్న మనుషులందరినీ పెద్దవాళ్లు పంచేసుకున్నాక ఈయన వంతుకు జంతువులు మిగిలాయి. వెంటనే 'జిల్లా వన్యప్రాణి పునరావాస నిపుణుల సంఘం' వెలిసింది. రిటైరైన హెడ్మాస్టరు శ్రీరంగప్ప గారు కార్యదర్శి. దెబ్బ తగిలిన అడవి జంతువులకు వైద్యం చేసి తిరిగి అడవిలో వదలడం ఎలాగో చెప్పే విదేశీ పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉంది. దానికి అట్ట వేసి, అట్ట మీద తన పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక గుమాస్తా, టైపిస్టు, బంట్రోతు, టీ తెచ్చేవాడు, అన్నీ నేనే. నా పేరు ఆంజనేయులు.

సంఘం పెట్టి ఏడాది తిరిగినా ఒక్క జంతువు కూడా మా గుమ్మం తొక్కలేదు. శ్రీరంగప్ప గారు దానికేమీ బాధపడలేదు.

"జంతువులొస్తే పని మొదలవుతుంది ఆంజనేయులూ. పని మొదలైతే సభలకు టైమెక్కడ ఉంటుంది?" అన్నారు.

అలా రెండు రోజుల రాష్ట్రస్థాయి మహాసభ ఖాయమైంది. ప్రతినిధులకు దరఖాస్తు ఫారాలు సైక్లోస్టైలు తీసి పంపాను. అందులో నాలుగో గడి, 'ఇంతవరకు స్వస్థపరచిన జంతువుల సంఖ్య'. ఇరవై ఏడు ఫారాలు తిరిగి వచ్చాయి. ఇరవై ఆరింటిలో ఆ గడి ఖాళీగానో, 'పరిశీలనలో ఉన్నది' అనో ఉంది. తాడిపత్రి నుంచి గురప్ప గారనే పెద్దాయన మాత్రం నిజం రాశాడు. 'ఒకటి. పిచ్చుక. 1961లో. సాయంత్రం వరకు బ్రతికినది.' ఆ అనుభవాన్ని బట్టి ఆయన్ను సాంకేతిక గోష్ఠికి అధ్యక్షుణ్ణి చేశారు.

ఆహ్వాన పత్రాలు అచ్చయి వచ్చాయి. గోధుమరంగు అట్ట, బంగారు అక్షరాలు. చివరి పేజీలో 'రెండవ దినము ఉదయం తొమ్మిది గంటలకు పునరావాసం పొందిన వన్యప్రాణి విడుదల' అని ఉంది. దాన్ని ముద్దుగా నాలుగుసార్లు చదువుకున్నాక శ్రీరంగప్ప గారికి చెమటలు పట్టాయి.

"ప్రాణి ఏదయ్యా?" అన్నారు.

నోరు మూసుకుని ఉంటే పోయేది. నేను మూసుకోలేదు. గార్లదిన్నె పక్కన మా అత్తగారి పల్లెలో సిద్దమ్మ అనే ముసలమ్మ దగ్గర ఒక జింక ఉందని చెప్పేశాను. రెండు నెలల కిందట తాడిపత్రి బండల లారీ ఒకటి రోడ్డు దాటుతున్న ఆడజింకను గుద్దేసి పోయింది. సిద్దమ్మ దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, ఉద్దిపిండిలో, అంటే మినప్పిండిలో, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టు కట్టింది. గొర్రెలూ మేకలూ కాచి బతికే మనిషి. ఆమె కట్టు కట్టిన కాళ్లు ఆ చుట్టుపక్కల ఎన్నున్నాయో ఆమెకే లెక్క లేదు. మా మామగారి ఎద్దుది కూడా ఒకటి.

శ్రీరంగప్ప గారి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే నా చేత ఒక లేఖ టైపు చేయించారు. వన్యప్రాణిని అనుమతి లేకుండా ఉంచుకొనుట నేరమనీ, సదరు జింకను మహాసభకు అప్పగించినచో నేరము మన్నించబడుననీ, లేనిచో కేసు పెట్టించి జైలుకు పంపబడుననీ అందులో ఉంది. సాయం చేసినామెకు జైలేమిటండీ అన్నాను. "చట్టం ముందు అందరూ సమానం ఆంజనేయులూ, కార్బన్ పేపరు సరిగ్గా పెట్టు" అన్నారు.

ఆ లేఖ పట్టుకుని మహాసభకు ముందు రోజు బస్సెక్కాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నేను వాగకపోతే ఈ పీడ ఆమె గడప తొక్కేది కాదు.

సిద్దమ్మ దొడ్డి ఊరి బయట ఉంది. చుట్టూ కంపచెట్టు కొమ్మల దడి. లోపల ఓ మూల ఇంకో దడి, దాని మీద గోనెపట్టాలు. నేను "అవ్వా" అనబోతే వేలు పెదాల మీద పెట్టి, నన్ను అంత దూరం లాక్కుపోయి, అప్పుడు నోరు తెరిచింది.

"ఆడ మాట్లాడాకు నాయనా. దానికి మన గొంతు అలవాటు కాగూడదు. మనిషి మంచోడు అనుకునిందంటే రేపు నమ్మి దగ్గరికి పోతాది, సచ్చాది."

కట్టు విప్పేసి పది రోజులైందట. అప్పటినుంచి రోజూ మాపటేళ దడి మీదినుంచి మట్టిపెళ్లలు విసిరి, తగలకుండా, దాన్ని బెదరగొడుతోంది. రెండు నెలలు మేత పెట్టిన చేతిని చూసి అది భయపడి గెంతాలి. అలా గెంతితేనే తయారైనట్టు. ఇప్పుడు గెంతుతోందట. మంద కూడా గార్లదిన్నె అవతల బీడులోనే తిరుగుతోంది. గట్టిగా ఒక వాన పడిందంటే మంద ఎటో వెళ్లిపోతుంది. ఎల్లుండి తెల్లవారేసరికి వదిలెయ్యాలని ఆమె లెక్క.

నేను లేఖ చదివి వినిపించాను. చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. సిద్దమ్మ దడి వైపు చూసింది.

"మైకు పెడతారా?" అంది.

"పెడతారవ్వా."

"సన్నాయి?"

"సన్నాయి, డోలు, పూలదండ. అధ్యక్షుల వారు చేత్తో బిస్కెట్లు తినిపిస్తారంట."

"గుండె పగిలి సచ్చాదప్పా. ఊరకుక్క మొరిగితేనే నోట నురగ కక్కింది. దానికి మందుల్యా మాకుల్యా." పైటతో కళ్లు ఒత్తుకుంది. "నన్ను జైల్లో పెట్టుకోమను. యాడన్నా ముద్ద తినేదే కదా. అయితే గొర్రెలనెవరు సూస్తారు? నాకు కొడుకా కూతురా?"

రాయి మీద కూలబడి తల పట్టుకున్నాను. అంతలో చంకలోని ఫైలు కదిలింది. చూస్తే ఓ మేక, నా ఫైలు నాడాను తాపీగా నములుతోంది. ఎర్రటి మేక, పొట్ట కింద తెలుపు, నెత్తిన కొమ్ముల్లేవు. సిద్దమ్మ దాన్ని ఓ దెబ్బ వేసింది.

"ఇదొగటి. ఈనదు, పాలియ్యదు, ఊరందరి చేన్లు మేసొచ్చాది. దీనితో పొద్దున్నే తిట్లు తినని దినంల్యా నాకు." ఆమె మాట సగంలో ఆగింది. మేకను చూసింది, నన్ను చూసింది. "ఏమప్పా ఆంజనేయులూ, ఆ సార్లు జింకను సూసినారా యానాడన్నా?"

ఇరవై ఏడు ఫారాలూ నా కళ్ల ముందు తిరిగాయి.

"బొమ్మల్లో చూసి ఉంటారవ్వా."

"అయితే ఈ బోడిదాన్ని తీసకపో."

"అవ్వా, ఈ వేలాడే చెవులు?"

"అడవి జంతువును పట్టుకుంటే ముందు కండ్లకు గుడ్డ కట్టల్ల. మేమంతా అట్లనే సేస్తాం. తలకాయంతా సుట్టి కట్టు. అదే పద్ధతి అని సెప్పు. అబద్ధం గాదు కదా."

నాకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. పని అయిపోగానే మేకను విడుదల జరిగే ఊరి ఇవతలి బీడులోనే వదిలేస్తాననీ, దారి తెలిసిన మేక కాబట్టి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుందనీ ఒప్పందం చేసుకున్నాం.

మహాసభ మొదటి రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. కల్యాణమండపం నిండా బ్యానర్లు. ఒకాయన 'నక్కలలో ఆత్మవిశ్వాస లోపం' మీద మాట్లాడాడు. మరొకాయన 'తాబేలునకు నడక శిక్షణ' మీద గంటన్నర మాట్లాడి, సమయాభావం వల్ల తాబేలు దాకా రాలేకపోయానని క్షమాపణ చెప్పుకున్నాడు. పదకొండున్నరకు కిటికీలోంచి ఒక పావురం లోపలికొచ్చి, సీలింగు ఫ్యానుకు తగిలి, వేదిక మీది బల్ల మీద దబ్బున పడింది. రెక్క వేలాడుతోంది.

అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న సభ ఒక్కసారి లేచింది. ఇరవై ఏడు మంది నిపుణులూ గోడలకు ఆనుకున్నారు. "ఎవరూ ముట్టుకోవద్దు, శాస్త్రీయంగా చూడాలి" అని శ్రీరంగప్ప గారు కుర్చీ వెనకనుంచి హెచ్చరించారు. పొడుస్తుందేమోనని ఒకరు, జబ్బులుంటాయని ఒకరు. ఊడ్చడానికొచ్చిన నల్లమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి, పావురాన్ని కొంగులో చుట్టి, ముక్కు దగ్గర నాలుగు నీటిచుక్కలు పెట్టి, రెక్క సర్ది, పీలికతో కట్టి, చీకటి గదిలో బుట్ట కింద పెట్టి మళ్లీ ఊడ్చుకోసాగింది. పక్షికి సానుభూతి తెలుపుతూ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. నల్లమ్మ పేరు కూడా రాయమంటారా అని నేను అడిగాను.

"ఆమె ప్రతినిధి కాదు కదయ్యా," అన్నారు శ్రీరంగప్ప గారు.

రెండో రోజు తెల్లవారకముందే వ్యాను తీసుకుని సిద్దమ్మ దొడ్డికి వెళ్లాను. చెప్పినట్టే నోరు మూసుకుని దూరంగా నిలబడ్డాను. తూర్పు ఎర్రబడుతుండగా ఆమె దడిలో నాలుగు కొమ్మలు తీసి పక్కకు తప్పుకుంది. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత జింక బయటికొచ్చింది. సన్నటి కాళ్లు, నిటారుగా మెడ, చెవులు ముందుకు రిక్కించి. నాలుగడుగులు రవ్వంత కుంటింది. సిద్దమ్మ ఒక మట్టిపెళ్ల తీసి దాని వెనక నేలకేసి కొట్టింది. అంతే, అది గాలిలోకి లేచింది. అలా మూడు గెంతులు గెంతి, బీడు అంచున మేస్తున్న మందకేసి పోయింది. కాసేపటికి ఏది మా జింకో ఏది మంద జింకో తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"పో, మళ్లా రావాకు," అంది సిద్దమ్మ మెల్లగా, దానికి వినపడదని తెలిసే.

ఇక మూతి మాత్రం వదిలి మేక తలకంతా తెల్లగుడ్డ చుట్టాను. కాలికి కూడా ఒక కట్టు కట్టాను. నివేదికలో ఎడమ వెనక్కాలు అని టైపు కొట్టి ఉంది, హడావుడిలో నేను కుడి ముందుకాలికి కట్టాను. ఆ భయం నన్ను తొమ్మిదింటిదాకా తినేసింది. అనవసరంగా భయపడ్డాను.

ఊరి ఇవతలి బీడులో షామియానా, మైకు, సన్నాయి, డోలు. బస్సులోంచి ప్రతినిధులు దిగి జంతువు చుట్టూ మూగారు. నిజం చెప్పాలంటే, తన్నుతుందేమోనని ఆరడుగుల దూరంలో మూగారు. ఒకాయన ధైర్యం చేసి కట్టు ఉన్న కాలు తడిమి, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుందన్నాడు. అది నిజమే, ఎప్పుడూ విరగలేదు కాబట్టి.

"ఆడజింకే. ముఖంలో ఆ సౌకుమార్యం చూడండి," అన్నాడు ఇంకొకాయన. మూతి తప్ప ముఖమంతా గుడ్డే ఉంది.

అప్పుడు మేక అరిచింది. ఎలా అరుస్తుంది, మేకలాగే అరిచింది. సన్నాయి ఆగిపోయింది. పిచ్చుక గురప్ప గారు అమాయకంగా, "జింకలు ఇట్ల అరుస్తాయా సార్?" అన్నాడు.

శ్రీరంగప్ప గారు గొంతు సవరించుకున్నారు. "రెండు నెలలు అవగాహన లేని ముసలమ్మ మేకల మధ్య ఉంచింది. దాని సహజ భాష పోయి మేక భాష పట్టుబడింది. శాస్త్రంలో దీన్ని సహవాస దోషం అంటారు. అందుకే ఈ పని నిపుణుల చేతిలో ఉండాలనేది."

ఇరవై ఏడు కలాలు ఒక్కసారి తెరుచుకున్నాయి. 'సహవాస దోషం' అని అందరూ రాసుకున్నారు.

తర్వాత గంగాధరప్ప గారి ఉపన్యాసం. మొత్తం పన్నెండు పేజీలు. రెండో పేజీ చదువుతుండగా బల్ల కింద వేలాడిన కాగితాలను మేక వాసన పట్టి అందుకుంది. మూడు నుంచి పదకొండు దాకా నమిలేసింది. ఆయన రెండో పేజీ నుంచి పన్నెండో పేజీకి పోయి ముగించారు. చప్పట్లు మార్మోగిపోయాయి. ఆయన జీవితంలో ఆయనకు అంత మెప్పు ఎన్నడూ దక్కలేదు.

గుడ్డకు తాడు కట్టి, వందగజాల దూరం నుంచి లాగితేనే జంతువు బెదరదని నేను చెప్పాను. తన్నులు తప్పాయని అందరూ సంతోషించి వెనక్కి జరిగారు. అధ్యక్షుల వారు తాడు లాగారు. గుడ్డ ఊడింది. మేక ఎటూ పరుగెత్తలేదు. ప్రతినిధుల ఫలహారానికి పెట్టిన అరటిపళ్ల వాసనకు షామియానా వైపే రాబోయింది. "అదిగో కృతజ్ఞత," అని ఎవరో గద్గద స్వరంతో అన్నారు. నేను రాయి విసిరాను. మేక నావైపు విసుగ్గా చూసి, తుమ్మపొదల్లోకి నింపాదిగా నడిచిపోయింది. అందరూ బస్సెక్కారు. అధ్యక్షుల వారి జీపు టైరులో గాలి తగ్గిందట. డ్రైవరు సుంకప్ప, శ్రీరంగప్ప గారు వెనక వస్తామన్నారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. సిద్దమ్మకు కేసు తప్పింది, జింక మందలో కలిసింది. బస్సులో హాయిగా నిద్రపోయాను.

రెండు గంటలకు భోజనాలు. రాగిసంకటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, పప్పు, వడియాలు. పందిరి వెనక తెర కట్టి 'ప్రత్యేకం' ఒకటి పెట్టారు. ముందు రెండు వరుసల వాళ్లనే పిలిచారు గానీ, వాసనకు మిగతా వరుసలు కూడా ముందు వరుసలయ్యాయి. నా విస్తట్లో కూడా రెండు ముక్కలు పడ్డాయి.

"నోట్లో పెట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది," గంగాధరప్ప గారు కళ్లు మూసుకుని అన్నారు. "ఆ మెత్తదనమే వేరు. నాకు కళ్లకు గంతలు కట్టి తినిపించు, చెప్పేస్తా."

"మేకకూరలాగే ఉంది సార్," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "నీ నాలుకకు అదే అలవాటు నాయనా. జింక రుచి తెలియాలంటే పుట్టి ఉండాలి."

పొదల్లోకి పోయిన బోడిమేక గుర్తొచ్చి ముద్ద వదిలేశాను. ఎంగిలి చేత్తోనే లేచి జీపు దగ్గరికి పరుగెత్తాను. సుంకప్ప స్టెప్నీ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం చేసినావు సుంకప్పా?"

"మిల్లు సారు పట్టుకోమన్న్యాడు, పట్టుకున్న్యా. అరటితొక్క సూపిస్తే అదే వచ్చింది. శ్రీరంగప్ప సారు నెత్తురు సూల్లేనని జీపులో కండ్లు మూసుకున్న్యాడు."

"అది మేక కదా సుంకప్పా?"

"మేక అని నాకు తెలీదా అన్నా? పుట్టినకాడినుంచి మేకల్ని సూస్తాండా. అయితే ఇరవై ఏడు మంది సదువుకున్నోళ్లు పొద్దున్నే జింక అన్న్యారు. బండి తోలేటోన్ని, నేను గాదంటే నా పని ఉంటాదా?" పొగ వదిలాడు. "కూర మాత్రం బాగొచ్చింది."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పొద్దున చప్పట్లు కొట్టి వదిలిన ప్రాణిని మధ్యాహ్నానికి అరిగించుకుంటున్నారు. అది మేక అయినందుకు కాదు నా కోపం. వాళ్ల లెక్కలో అది జింక. జింక అని తెలిసే తిన్నారు. తెలిసే రెండోసారి వడ్డించుకున్నారు.

మూడు గంటలకు ముగింపు సభ. దానికి ముఖ్య అతిథి కొత్తగా వచ్చిన ఫారెస్టు రేంజరు వెంకటేశులు. సన్నగా, నల్లగా, జేబులో నోటుబుక్కుతో వచ్చాడు. ప్రతినిధులందరూ నిద్రమత్తులో ఉన్నారు. అప్పుడే తలుపు దగ్గర సిద్దమ్మ కనిపించింది. మధ్యాహ్నందాకా చూసి, మేక రాకపోతే బస్సెక్కి వచ్చేసింది. నన్ను వెతుక్కుని పక్కన నిలబడింది.

"బోడిది ఇంటికి రాల్యాదే. యాడుండాది?"

ఆమె నా ముఖం చూసి నేల మీద కూర్చుంది. అదే సమయానికి వేదిక మీద పిచ్చుక గురప్ప గారు అభిప్రాయం చెప్పడానికి లేచాడు. మంచివాడు, మాట దాచుకోవడం తెలియనివాడు.

"ఉదయం ఆ జింకను చూసి కళ్లు నిండినాయి," అన్నాడు ఆయన భావావేశంతో. "మధ్యాహ్నం మళ్లీ కలుసుకుని కడుపు నిండింది. వంటవారికి నా ధన్యవాదాలు."

శ్రీరంగప్ప గారు దగ్గారు. అప్పటికే ఆలస్యమైంది. వెంకటేశులు మెల్లగా నోటుబుక్కు తీశాడు.

"మధ్యాహ్నం యాడ కలిసినారు సార్?"

మైకు మాత్రం గుయ్యిమంది.

"పొద్దున తొమ్మిదికి వదిలిన జింక. మధ్యాహ్నం రెండుకు ఇస్తట్లో. రెండిటికీ సాక్షులు మీరే," అన్నాడు వెంకటేశులు. "ఇది మామూలు కేసు గాదు. జైలుకు పోతారు. పేర్లు చెప్పండి, రాసుకుంటా."

ఇరవై ఏడు మందికీ నిద్ర ఎగిరిపోయింది. గంగాధరప్ప గారి భాష కూడా మారిపోయింది. "ఏయ్ ఆంజనేయులూ, ఏమన్నా సెప్పప్పా," అన్నారు.

చెప్పాను. "అది జింక కాదు సార్. గార్లదిన్నె సిద్దమ్మ దొడ్డిలోంచి తెచ్చిన బోడిమేక."

"ఏం కూస్తాండావు రా," గంగాధరప్ప గారు బల్ల గుద్దారు. "ఇంతమంది నిపుణులం పరీక్ష చేసి, నేను నోట్లో పెట్టుకుని..."

"అంటే జింకేనా సార్?" వెంకటేశులు కలం ఎత్తాడు. "జింక అని రాసుకోమంటారా?"

గంగాధరప్ప గారు కలాన్ని చూశారు. "మేకే," అన్నారు.

"మీరేమంటారు సెక్రటరీ గారూ?"

"మేకనే సామీ. మేకలాగనే అరిసింది కదా," అన్నారు శ్రీరంగప్ప గారు. "నేను అప్పుడే అనుకున్న్యా."

మేకే, మేకే అని హాలు మొత్తం అందుకుంది. చూడగానే గుర్తుపట్టామనీ, పెద్దలు నొచ్చుకుంటారని ఊరుకున్నామనీ తలా ఒక మాట అన్నారు. నోటి మాట చాలదు, అందరూ రాసివ్వాలన్నాడు వెంకటేశులు. టైపు మిషను వేదిక పక్కనే ఉంది. నేను కూర్చున్నాను. నాకు తోచినట్టే కొట్టాను. 'గార్లదిన్నె సిద్దమ్మ దొడ్డి నుండి తేబడిన జంతువు మేక అనియు, అది మొదటి నుండియు మేకయే అనియు, సదరు సిద్దమ్మ దొడ్డిలో జింక అనునది ఎన్నడూ లేదనియు, మేము నిపుణుల హోదాలో క్షుణ్ణంగా పరీక్షించి ధ్రువీకరించుచున్నాము.' ఒక్కరూ చదవలేదు. కలం కోసం పోట్లాడుకుని మరీ సంతకాలు పెట్టారు. అధ్యక్షుల వారూ, కార్యదర్శి గారూ కూడా పెట్టారు.

అప్పుడు సిద్దమ్మ లేచింది. మాటలన్నీ విని ఉంది. వేదిక దగ్గరికి నడిచొచ్చింది.

"మేకే కదప్పా? అయితే అది నాది. నా మేకను కోసుకుని తిన్న్యారు. నాకు జవాబు సెప్పండి."

శ్రీరంగప్ప గారికి ఇందాక పోయిన పరువంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఊగిపోయారు.

"రేంజరు గారూ, అసలు దోషి ఈమె. రెండు నెలలు అనుమతి లేకుండా జింకను దొడ్డిలో దాచింది. మా దగ్గర లేఖ కాపీ ఉంది. ఈమె మీద కేసు రాయండి ముందు."

సిద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. వెంకటేశులు సంతకాల కాగితం చేతిలోకి తీసుకుని, మొదటినుంచి నింపాదిగా చదివాడు. ఒక చోట ఆగి, నాకేసి చూసి, మళ్లీ చదివాడు.

"సెక్రటరీ గారూ, సిద్దమ్మ దొడ్డిలో జింక ఎన్నడూ లేదని నిపుణుల హోదాలో మీరే రాసిచ్చినారే," అన్నాడు. "ఇది మీ సంతకమే కదా?"

శ్రీరంగప్ప గారు కూర్చున్నారు.

వెంకటేశులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేక సంగతి తన శాఖ కిందికి రాదనీ, ఆమెతో ఇక్కడే తేల్చుకోకపోతే పోలీసు స్టేషను పక్క వీధిలోనే ఉందనీ గంగాధరప్ప గారికి మర్యాదగా చెప్పాడు. సిద్దమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమప్పా, ఆ కాయితంలో అందురూ సంతకం పెట్టినారా? ఒగరన్నా మిగిలినారా?"

"అందరూ పెట్టినారవ్వా."

"అయితే నా బోడిది ఊరికే పోలేదులే," అని కళ్లు తుడుచుకుంది. తర్వాత వేదిక వైపు తిరిగి గొంతు పెంచింది. "అయినా నాకు రెండు మేకలు గావల్ల. ఒగటి సూలుదై ఉండల్ల. మీరు ఏరుకుని తెచ్చేది వద్దు, మీకు మేకంటే ఏందో తెలీదు. నేనే వచ్చి ఏరుకుంటా."